అరవై మిల్లీమీటర్ల రింగు

అసిరయ్య మావకి చూపు పోతోందన్న సంగతి మా షాపులో నాకొక్కడికే తెలుసు. జనవరి నుంచీ తెలుసు. ఎవరికీ చెప్పలేదు సరికదా, బయటపడకుండా సాయం కూడా చేశాను. మంచిపని చేశానని అనడం లేదు. చేశాను, అంతే.

మా షాపు జంషెడ్‌పూర్ పక్కన ఆదిత్యపూర్‌లో ఓ రేకుల షెడ్డు. పద్నాలుగు మందిమి. లారీల కింద వేసే ఉక్కు బుష్షులు చేస్తాం. బుష్షంటే మందపాటి కడియంలాంటిది. దాని రంధ్రంలో పిన్ను దూరాలి, దూరాక ఊగకూడదు. రంధ్రం అరవై మిల్లీమీటర్లుండాలి. ఎక్కువైతే వెంట్రుక మందంలో సగం దాకా ఒప్పుకుంటారు. తక్కువైతే అసలు ఒప్పుకోరు. మిషను మీద ఆ రంధ్రం కోసేది నేను. కోసింది సరిగా ఉందో లేదో చూసి పాస్ చేసేది మావ. ఇరవై తొమ్మిదేళ్లుగా అదే బల్ల, అదే స్టూలు.

నిజానికి ఆయన నాకేమీ కాడు. భుయ్యాడీహ్‌ బస్తీలో ఆయనదీ మా వీధే. మా నాన్నదీ ఆయనదీ శ్రీకాకుళం వైపు పక్కపక్క ఊళ్లు. ఇంజినీరింగు రెండో ఏడాదిలో వదిలేసి నేను రోడ్ల మీద తిరుగుతుంటే, ఓ రోజు మా ఇంటికొచ్చి "ఈడ్ని నాకిచ్చీ, మనిసిని సేత్తాను" అని నాన్నతో అన్నాడు. మనిషినయ్యానో లేదో గానీ ఆపరేటర్నయ్యాను.

కాలేజీలో కొలత పరికరాల పేర్లన్నీ బట్టీ పట్టించారు. ఏది ఎప్పుడు పట్టుకోవాలో మాత్రం మావే నేర్పాడు. మొదటి వారం నేను రబ్బరు సీలు మందాన్ని స్క్రూగేజీతో చూస్తుంటే చేతిలోంచి లాక్కున్నాడు.

"ఏట్రా అది? రబ్బర్ని మర బిగించి నొక్కుతున్నావు. నువ్వెంత నొక్కేవో అది సెప్తాది. సీలెంతుందో సెప్పదు."

"మరి దేంతో చూడాలి?"

"ముందు అది ఏ రకం వస్తువో సూడు. మెత్తనా, గట్టా, ఏడిగుందా, లోపలికొలతా, బయటికొలతా. అప్పుడు ఏటి పట్టుకోవాలో నీ సెయ్యే సెప్తాది. అన్నిటికీ వెర్నియరు ఎత్తుకుని పరిగెడితే నువ్వు ఇనస్పెక్టరు కాదు, వడ్రంగివి."

మిషను మీంచి దిగిన బుష్షుని గంటసేపు చల్లారనివ్వందే ముట్టుకునేవాడు కాదు. వేడి ఉక్కు అబద్ధం చెప్తుందనేవాడు. రంధ్రం లోపలి కొలతకి గడియారంలాంటి డయలున్న బోర్ గేజీ వాడేవాడు. దానికి సున్నా పెట్టడానికి ఓ మాస్టర్ రింగు. సరిగ్గా అరవై మిల్లీమీటర్ల రంధ్రమున్న మెరిసే ఉంగరం, మఖమలు పెట్టెలో. ఆ పెట్టె తాళంచెవి మావ మొలతాడుకి ఉండేది. ఇంకెవరి చేతికీ ఇవ్వకూడదని మాలిక్ ఆర్డరు. మాలిక్ అంటే షాపు ఓనరు. రోజూ పొద్దున రింగు తీసి, మల్లుగుడ్డతో తుడిచి, దాని మీద చెక్కిన అంకెని బొటనవేలితో తడిమి పైకి తిప్పుకుని, గేజీ కొన సరిగ్గా ఆ అంకె కింద ఆనేలా పెట్టేవాడు. ఎప్పుడూ ఒక్కచోటే. "సోటు మారిత్తే సున్నా మారుద్ది" అనేవాడు. ఆ అలవాటే మా కొంప ముంచింది. అది తర్వాత.

చూపు సంగతి జనవరిలో ఎలా తెలిసిందంటే, వెర్నియరుని తిరగేసి పట్టుకుని అంకె చెప్పాడు. చెప్పిన అంకె దాదాపు సరైనదే. ఇన్నేళ్ల చెయ్యి కదా, ఊహించాడు. నేను నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగాను.

"షుగరు," అన్నాడు. "కంటెనక పొర పాడైందట. పోయింది రాదట. ఉన్నది నిలబడితే సాలట."

"ఇంట్లో తెలుసా?"

"మీ అత్తకి సెప్పకు."

భద్రమ్మ అత్తకి రెండు కిడ్నీలూ పనిచెయ్యవు. మంగళవారం, శుక్రవారం డయాలసిస్. అదంతా మావ ఈఎస్ఐ కార్డు మీద నడుస్తోంది. పేరు షాపు రోల్సులో ఉన్నంతకాలం కార్డు. తీసేస్తే ఆ కార్డు ఇంకెన్నాళ్లు ఆడుతుందో అడగడానికి కూడా మావకి ధైర్యం లేదు. కళ్లు లేని ఇన్‌స్పెక్టర్ని ఏ మాలికూ ఉంచుకోడు. అంటే లెక్క సూటిగానే ఉంది. మావ చూపు బయటపడితే అత్త మంచం మీంచి లేవదు.

వాళ్లింట్లో గుమ్మం పక్కన బరువు చూసే మిషను ఉంటుంది. రెండు డయాలసిస్‌ల మధ్య ఒంట్లో నీరెంత చేరిందో బరువే చెప్తుందని డాక్టరన్నాడట. మావ కిరాణా కొట్లోంచి పదికిలోల గుండ్లు అయిదు అడిగి తెచ్చి, ముందు ఆ మిషన్నే పరీక్ష చేశాడు. అరకిలో తక్కువ చూపిస్తోందని కనిపెట్టాకే అత్తని ఎక్కనిచ్చాడు. ఇప్పుడు ముల్లు ఆయనకి కనబడదు. కళ్లజోడు సరిపోవడం లేదని సాకు చెప్తే, అత్తే చూసి చెప్తుంది. ఓ గురువారం నేను అక్కడే ఉన్నాను.

"యాబైరెండు," అంది అత్త మిషను మీంచి.

మావ ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, కాలి మడమ దగ్గర బొటనవేలితో నొక్కి పట్టుకుని, వదిలి, గుంట ఎంతసేపటికి పూడుతుందో తడిమి చూశాడు.

"యాబైనాలుగు," అన్నాడు. "నీల్లు ఎన్ని గ్లాసులు తాగేవే?"

"సూడరా బాలాజీ, మీ మావ పెళ్లాన్ని కూడా గేజీ పెట్టి సూత్తాడు. నాను బుష్షునా?"

"బుష్షయితే ఈపాటికి రిజెట్టు సేసీసేవోణ్ని."

నేను ముల్లు చూశాను. యాభై నాలుగే.

షాపులో మా పద్ధతి ఇది. మావ గేజీ పెడతాడు, నేను ట్రే దింపే నెపంతో పక్కకొచ్చి అంకె చూసి తెలుగులో చెప్తాను. మాలిక్‌కి తెలుగు రాదు. మిగతావాళ్లకీ రాదు. అడిగితే అత్త ఆరోగ్యం గురించి మాట్లాడుకుంటున్నామని చెప్పేవాణ్ణి. డయలు పెద్దది కాబట్టి సున్నా మాత్రం దాన్ని కంటికి ఆనించుకుని తనే పెట్టుకునేవాడు. ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఒక్క బుష్షూ వెనక్కి రాలేదు.

సెప్టెంబరు పదిహేడు, విశ్వకర్మ పూజ. ఆ రోజు జంషెడ్‌పూర్‌లో ఏ పనిముట్టూ పనిచెయ్యదు. మిషన్లు కడిగి, దండలేసి, ఆవనూనెలో తడిపిన సిందూరంతో ప్రతి వస్తువుకీ బొట్టు పెడతారు. సుత్తికీ బొట్టే, స్కూటరుకీ బొట్టే. మావే ఏటా పరికరాలకి పూజ చేసేవాడు. పైపైన పెట్టెలకే బొట్టు పెట్టేవాడు. లోపలివాటిని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ పొద్దున అత్తకి ఆయాసం వచ్చిందని ఫోనొచ్చింది. పరిగెడుతూ తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"పెట్టిలకి బొట్టెట్టు. పూజయ్యాక తాలం జాగర్త."

నేను పెట్టె తెరిచాను. ఎందుకు తెరిచానంటే, అన్నిటికన్నా విలువైన వస్తువు అదే, దానికి పూజ లేకపోతే ఎలా అనిపించింది. ఈ ఏడాది మావకి మంచి జరగాలని కూడా అనుకున్నాను. రింగు బయట మెరుపు పాడవకూడదని లోపలివైపు, అంకె కింద, వేలితో ఓ చుక్క పెట్టాను. దణ్ణం పెట్టుకున్నాను. పెట్టె మూసేశాను. బూందీ తిన్నాను. మర్చిపోయాను.

ఎనిమిది రోజుల తర్వాత రెండు వందల నలభై బుష్షులు వెనక్కొచ్చాయి. పిన్ను దూరడం లేదని.

మాలిక్ అరవలేదు. అరిచినా బాగుండేది. నిదానంగా హిందీలో చెప్పాడు. రేపు బుష్షులు కొనే కంపెనీ నుంచి క్వాలిటీ ఇంజినీరు వస్తోంది. ఆవిడ ఎదురుగా అసిరయ్య పది బుష్షులు కొలవాలి. ఆవిడా కొలుస్తుంది. అంకెలు కలిస్తే సరే, "నహీ తో బుఢ్ఢా ఘర్ జాయేగా," అన్నాడు. లేకపోతే ముసలాడు ఇంటికి.

ఇంటికొచ్చేటప్పుడు మావ బైకు మీద నా వెనకాల కూర్చున్నాడు. ఖర్కాయి వంతెన దాటాక నా భుజం మీద చెయ్యి వేశాడు.

"రేపు నువ్వు నా పక్కనే ఉంటావు కదా?"

"ఉంటాను."

"అంకి మెల్లిగా సెప్పు. తొందరపడకు. నీకు నోరు ఎక్కువ."

మర్నాడు పదింటికి వచ్చిన ఇంజినీరుకి నా వయసే ఉంటుంది. పేరు అపూర్వ. తన గేజీ, తన రింగు పెట్టెలో తెచ్చుకుంది. మాలిక్‌తో అంతా హిందీలోనే మాట్లాడింది. పది బుష్షుల మీద మార్కరుతో ఒకటి నుంచి పది దాకా రాసింది. మావ రింగు తీశాడు, తుడిచాడు, అంకె తడిమి పైకి తిప్పాడు, సున్నా పెట్టాడు. మొదటి బుష్షులో గేజీ దించి అటూ ఇటూ ఊపాడు. చేతులు మాత్రం ఎక్కడా తడబడలేదు.

నేను ట్రే పట్టుకుని పక్కన నిలబడి గొణిగాను. "ఎక్కువ ఒకటి."

"ప్లస్ ఏక్," అన్నాడు మావ.

రెండోది. "ఎక్కువ రెండు."

"ప్లస్ దో."

మూడోది చెప్పబోతుంటే ఆవిడ తలెత్తకుండా రాసుకుంటూనే, శుభ్రమైన తెలుగులో, "ఆయన్నే చదవనివ్వండి," అంది.

నేను ట్రే బల్ల మీద పెట్టేశాను. మావ గేజీ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. మాలిక్‌కి అర్థం కాక మా ముగ్గుర్నీ మార్చిమార్చి చూశాడు. ఆవిడ అతనికేమీ చెప్పలేదు.

మావ డయలు కంటికి ఆనించుకుని, మెడ పక్కకి వంచి, మిగతా ఎనిమిదీ చదివాడు. ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు. చెమట చుబుకం మీంచి బల్ల మీద పడింది. మాలిక్ ఫోను తీసి ఎవరితోనో సోమవారం నుంచి కొత్త మనిషి కావాలని చెప్పడం వినబడింది.

తర్వాత ఆవిడ అదే పది తన గేజీతో కొలిచింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అన్నిటికీ రెండే తేడా," అంది, ఈసారి హిందీలో, మాలిక్‌తో. "ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ అయితే మనిషి తప్పు. పదికి పదీ ఒకేలా, మిల్లీమీటరులో రెండు వందో వంతులు తేడా వచ్చింది. ఈయన చెయ్యి సరిగానే ఉంది. సున్నా తప్పు."

మావ మొహం ఎత్తాడు.

ఆవిడ మా రింగు అడిగి తీసుకుంది. గేజీ పెట్టింది. సున్నా. రింగుని పావువంతు తిప్పి మళ్లీ పెట్టింది. ముల్లు రెండు గీతలు జరిగింది. ఫోను లైటు వేసి లోపలికి చూసింది. కాగితం రుమాలు స్పిరిట్‌లో ముంచి అంకె కింద రుద్దింది. రుమాలు ఎర్రగా వచ్చింది.

"సిందూర్," అన్నాడు మాలిక్.

ఆవనూనెతో కలిపింది ఆరాక గుడ్డకి రాదు. పొరలా అతుక్కుంటుంది. ఆ పొర మందానికి రింగు ఇరుకైంది. ఇరుకు రింగుకి పెట్టిన సున్నాని నమ్మి మిషను సర్దుకుని, నేను రెండు వందల నలభై ఇరుకు రంధ్రాలు కోశాను. ఆ వేలు నాది.

"డబ్బా కిస్‌నే ఖోలా?" అన్నాడు మాలిక్. పెట్టె ఎవరు తెరిచారు?

నేను నోరు విప్పలేదు. ఇక్కడ నిజమే చెప్తాను, విప్పడానికి టైముంది. నోరు ఎక్కువన్న పేరున్న నాకు ఒక్క మాట రాలేదు.

"నానే," అన్నాడు మావ. తర్వాత హిందీలో, "మైనే లగాయా, మాలిక్. పూజా మే."

"నువ్వే పెట్టి, ఎనిమిది రోజులు రోజూ చూస్తూ, ఎర్రటి బొట్టు కనబడలేదా?"

నేను చెప్పినా ఆ ప్రశ్న మావ దగ్గరికే వచ్చేది. అది ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. అప్పుడు అలా ఆలోచించి ఊరుకోలేదు. భయపడి ఊరుకున్నాను.

మావ స్టూలు మీంచి లేచాడు. "దిఖ్‌తా నహీ," అన్నాడు. కనబడదు.

మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి. మాలిక్ రిజిస్టరు మూసి, లెక్క చూసి పంపిస్తానన్నాడు. అప్పుడు మావ బల్ల సొరుగులోంచి ప్లగ్ గేజీ తీశాడు. అది చేతిపిడికి రెండు చివర్లా ఉక్కు దిమ్మలున్న పరికరం. ఒక చివర దూరాలి, రెండో చివర దూరకూడదు. దానికి గీతలూ అంకెలూ ఉండవు.

"మేడమ్," అన్నాడు అపూర్వతో. "ఇవన్నీ మల్లీ లోపల రుద్దాల. రుద్దింతరవాత ఒక్కోటీ సూడాల. దీనికి కల్లక్కర్నేదమ్మా. సేతులు సాలు. పరీచ్చ సేసుకో."

ఆవిడ తన సంచిలోంచి మంచివీ పాడువీ కలిపి పది బుష్షులు తీసి మావ ముందు దొర్లించింది. మావ కళ్లు మూసుకున్నాడు. ఒక్కోదాన్నీ పట్టుకుని గేజీ ఆనించి, తోయకుండా దాని బరువుకే వదిలి, ఎడమకీ కుడికీ వేరుచేశాడు. మూడు నిమిషాలు పట్టిందేమో. ఆవిడ తన కాగితంతో సరిచూసుకుంది.

"పదీ కరెక్ట్," అంది. మాలిక్ వైపు తిరిగింది. "ఈ రెండు వందల నలభై ఈయన చూసి ఇస్తే తీసుకుంటాను. పది రోజుల్లో. రింగు మురికిగా ఉందని రిపోర్టులో రాస్తాను. చూపు సంగతి కూడా రాయాలి, అంకుల్. నేను వినకపోతే వేరు. విన్నాను."

"రాయమ్మా," అన్నాడు మావ.

మాలిక్ ఒప్పుకున్నాడు. లాటు పూర్తయ్యేదాకా. ఆ తర్వాత పేరు కొట్టేస్తారు.

రుద్దే పని నాకు పడింది. నూనెలో తిరిగే సన్నటి రాళ్లతో రంధ్రం గోడని కొంచెం కొంచెం అరగదీయాలి. బుష్షుకి పది నిమిషాలు చాలు. నేను ఇరవై చేశాను. రాయి మార్చాలన్నాను, నూనె మార్చాలన్నాను. మాలిక్ రెండుసార్లు వచ్చి తిట్టిపోయాడు. మావ స్టూలు నా పక్కకి తెచ్చుకున్నాడు. నేను ఇచ్చినదాన్ని తుడిచి, చల్లారాక, గేజీ దించి చూసి ట్రేలో పేర్చేవాడు. మధ్యలో రెండు డయాలసిస్‌లు అయ్యాయి. అత్తకి ఇంకా ఏమీ తెలియదు.

ఎనిమిదో రోజున, బుధవారం, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూస్తూ చెప్పేశాను.

"మావా. ఆ బొట్టు నేనే పెట్టాను."

"తెలుసురా. తాలం నీకే కదా ఇచ్చేను."

"మరి నీ మీదెందుకు వేసుకున్నావు?"

"నీ పేరు సెప్తే నాకు సూపొచ్చీత్తాదేటి?" అన్నాడు విసుగ్గా. "నువ్వూ పోతే ఆసుపత్రికి బండి మీద ఎవుడు తీసుకెల్తాడు? తిన్నావు కదా, ఎల్లి మిసనెట్టు."

మిషను పెట్టాను. ఓ గంటలో మూడు బుష్షులు రుద్దాను. రేకులు కాలిపోతున్నాయి. అప్పుడు అడిగాడు.

"ఇంకెన్నున్నాయిరా?"

నా ఎడమపక్క ట్రేలోకి చూశాను. "నలభై ఉంటాయి మావా."

ఆయన స్టూలు మీంచి వంగి, ట్రేలోకి చెయ్యి పెట్టి, ఒక్కో బుష్షునీ వేళ్లతో తాకుతూ అటు చివరిదాకా వెళ్లాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు.

"పద్దెనిమిది," అన్నాడు.

నేను రాయి ఆపేశాను.

"ఆపకు, మాలిక్ సూత్తాడు. మెల్లిగా రుద్దు," అన్నాడు. "శుక్కురోరం ఆసుపత్రి దాకా రావాల."